రేడియేటర్ ఫ్యాను: బెల్టు నుంచి కంప్యూటర్ దాకా ఒక మరమ్మతు చరిత్ర

ఇంజనులో మండే పెట్రోలు ఇచ్చే శక్తిలో చక్రాలకు చేరేది చిన్న వాటా మాత్రమే. స్థూలంగా మూడో వంతు పొగతో పాటు బయటికి పోతుంది, దాదాపు అంతే వేడి సిలిండర్ల గోడల గుండా వాటి చుట్టూ ప్రవహించే నీటిలోకి దిగుతుంది. ఆ వేడిని నీటి నుంచి గాలిలోకి వదిలే సన్నని గొట్టాల జాలీని రేడియేటర్ అంటారు; బండి నిలబడినప్పుడు, నెమ్మదిగా కదిలినప్పుడు ఆ జాలీ గుండా గాలిని లాగే రెక్కల చక్రమే రేడియేటర్ ఫ్యాను. ఈ ఫ్యాను రూపం గడచిన శతాబ్దంలో మూడుసార్లు మారింది, మారిన ప్రతిసారీ దాని లోపాన్ని కనిపెట్టే విద్య కూడా మారింది. మోటారు వాహన చరిత్రలు ఆవిష్కర్తల గురించి విస్తారంగా చెబుతాయి గాని, ఆవిష్కరణ చెడిపోయినప్పుడు దాన్ని బాగుచేసినవారు ఏ క్రమంలో ఆలోచించారన్నది అంతగా పట్టించుకోవు. నిజానికి ఫ్యాను కథలో సారవంతమైన భాగం అదే.

కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న పేటెంటు కోసం దరఖాస్తు చేసిన మూడు చక్రాల బండిలో ఫ్యాను లేదు. సిలిండర్ చుట్టూ ఉన్న నీరు మరిగి ఆవిరవుతూ వేడిని తనతో తీసుకుపోయేది, తగ్గిన నీటిని ఎప్పటికప్పుడు మళ్లీ పోయవలసి వచ్చేది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులతో ఆ తరహా బండిలో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ వరకు ప్రయాణించినప్పుడు దారిలో నీళ్లు దొరికిన చోటల్లా ఆగి నింపుకోవలసి వచ్చింది. ఇంజను శక్తి పెరిగే కొద్దీ ఈ పద్ధతితో సాగడం అసాధ్యమైంది.

దీనికి నిలకడైన పరిష్కారం చూపినవాడు డైమ్లర్ సంస్థలో పనిచేసిన విల్‌హెల్మ్ మైబాఖ్. వ్యాపారి ఎమిల్ యెలినెక్ కోరిక మీద 1900 చివరికి తయారై మరుసటి ఏడాది పందేలలో పేరు తెచ్చుకున్న మెర్సిడెస్ 35 అశ్వశక్తి కారుకు ఆయన తేనెపట్టు రేడియేటర్‌ను అమర్చాడు. ఒక్కొక్కటి 6 మిల్లీమీటర్ల చదరపు నోరు గల 8,070 చిన్న గొట్టాలను పక్కపక్కనే పేర్చి అతికించిన ఆ రేడియేటర్‌లో గొట్టాల లోపల గాలి, వాటి మధ్య సందుల్లో నీరు ప్రవహించేవి. అందువల్ల అంతకుముందు 18 లీటర్ల నీరు అవసరమైన చోట 9 లీటర్లు సరిపోయాయి. బండి వేగం తగ్గినప్పుడు గాలి చాలదని గ్రహించి మైబాఖ్ రేడియేటర్ వెనుక ఒక ఫ్యానును కూడా పెట్టాడు.

ఆ ఏర్పాటులోనే తరవాతి మెకానిక్కులందరి మొదటి సూత్రం దాగి ఉంది. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి తనంతట తానే రేడియేటర్‌లోకి దూసుకువస్తుంది కనుక ఫ్యాను ఉన్నా లేకున్నా పెద్ద తేడా ఉండదు; ఫ్యాను అవసరమంతా నిలబడినప్పుడు, పాకుతున్నట్టు కదిలినప్పుడే. కాబట్టి హైవే మీద చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర వేడెక్కే బండిలో ముందుగా అనుమానించవలసింది గాలిని, అంటే ఫ్యానును. హైవే మీద కూడా వేడెక్కే బండిలో అనుమానించవలసింది నీటిని, అంటే మట్టి పేరుకున్న రేడియేటర్‌ను, వాటర్ పంపును, తెరుచుకోని థర్మోస్టాట్‌ను. థర్మోస్టాట్ అంటే నీరు తగినంత వేడెక్కేదాకా రేడియేటర్ దారిని మూసి ఉంచే వాల్వు. బండి ఎక్కడ వేడెక్కుతోందన్న ఈ ఒక్క ప్రశ్న అడగకుండా విడిభాగాలు మార్చడం మొదలుపెట్టిన చోట డబ్బు వృథా కావడం నేటికీ చూడవచ్చు.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి ఈ ఏర్పాటును లక్షలాది మంది చేతికి అందించింది. తొలి కొద్ది బండ్లను మినహాయిస్తే దానిలో వాటర్ పంపు కూడా లేదు. వేడెక్కిన నీరు తేలికై పైకి లేచి రేడియేటర్ పై భాగంలోకి చేరడం, చల్లబడిన నీరు బరువెక్కి కింది గొట్టం గుండా తిరిగి ఇంజనులోకి రావడం అనే సహజ ప్రవాహం మీదే అది ఆధారపడింది. నీటి మట్టం పై గొట్టం నోటికంటే కిందికి దిగితే ఆ ప్రవాహమే ఆగిపోతుంది గనుక ముందు నీళ్లు చూడాలి, తరవాతే ఫ్యాను చూడాలి అన్న క్రమం అప్పుడే స్థిరపడింది. ఫ్యాను మాత్రం ఇంజను ముందు భాగంలోని కప్పీ నుంచి చదునైన బెల్టుతో తిరిగేది; ఆ బెల్టు సాగేది, జారేది. 1917లో అమెరికాలో జాన్ గేట్స్ రూపొందించిన రబ్బరు వి-బెల్టు, అంటే కప్పీ గాడిలో రెండు పక్కలా ఒరుసుకుని కూర్చునే బెల్టు, ఆ జారుడును చాలావరకు తగ్గించి, తరవాతి అర్ధ శతాబ్దం పాటు కార్ల ఫ్యాన్లను తిప్పింది.

భారతదేశంలో 1950ల చివరి నుంచి మూడు దశాబ్దాల పాటు రోడ్లను ఏలిన అంబాసిడర్, ఫియట్ కార్లు రెండూ ఈ బెల్టు యుగానికి చెందినవే. అంబాసిడర్‌లో ఫ్యాను వాటర్ పంపు ఇరుసుకే బిగించి ఉండేది. అదే బెల్టు డైనమోను, అంటే బ్యాటరీని ఛార్జి చేసే యంత్రాన్ని, కూడా తిప్పేది. అందుచేత డాష్‌బోర్డు మీద ఛార్జింగ్ ఎర్ర దీపం వెలిగి, కాసేపటికే వేడి ముల్లు పైకి లేస్తే బానెట్ ఎత్తకముందే బెల్టు తెగిందని అనుభవజ్ఞుడైన డ్రైవరు చెప్పగలిగేవాడు. బెల్టు తెగకుండా వదులైతే రేజ్ చేసినప్పుడు కీచుమనే శబ్దం వచ్చేది, బెల్టు పక్కలు గాజులా నునుపెక్కేవి. రెండు కప్పీల మధ్య బొటనవేలితో నొక్కినప్పుడు సుమారు అర అంగుళం కంటే ఎక్కువ లోపలికి పోతే డైనమోను బయటికి లాగి బిగించేవారు. వాటర్ పంపు బేరింగు అరిగినప్పుడు ఫ్యాను రెక్కను పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడిస్తే చేతికే తెలిసేది. ఈ పరీక్షలకు కంటి చూపు, చెవి, చేయి తప్ప వేరే పరికరం అక్కరలేదు.

బెల్టు ఫ్యానుకు ఉన్న అసలు బలహీనత మాత్రం ఎంత బిగించినా పోయేది కాదు. దాని వేగం ఇంజను వేగాన్ని బట్టి ఉంటుంది. 1944లో వాహనాలకు తెరిచిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు మీద మొదటి గేరులో ఎక్కే కారులో బండి వేగం తక్కువైనా ఇంజను గట్టిగా తిరుగుతుంది కనుక ఫ్యాను కూడా గట్టిగానే తిరిగేది. అదే కారు ఎండాకాలం బెజవాడ సందులో ఎద్దుబండ్ల వెనుక ఆగిపోతే ఇంజను నెమ్మదించి, గాలి అత్యవసరమైన ఆ క్షణంలోనే ఫ్యాను మందగించేది. పైగా ఫ్యానును తిప్పడానికి కావలసిన శక్తి వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. హైవే మీద ఎవరికీ అక్కరలేని గాలి కోసం ఇంజను అంత శక్తిని వృథాగా ఖర్చుచేసేది.

ఈ వృథాను ఆపే ప్రయత్నాలు రెండు దారులు పట్టాయి. ఫ్రాన్సులో 1960లో వచ్చిన ప్యూజో 404 ఫ్యానుకు విద్యుదయస్కాంతపు క్లచ్ ఉండేది; నీరు వేడెక్కినప్పుడే అది ఫ్యానును కప్పీతో కలిపేది. రెండోది జిగట క్లచ్. ఫ్యాను నడుమ ఉండే గుండ్రటి డబ్బాలో చిక్కటి సిలికాన్ నూనె ఉంటుంది, డబ్బా ముఖాన రెండు లోహాల చుట్ట ఉంటుంది. రేడియేటర్ నుంచి వచ్చే గాలి వేడెక్కితే ఆ చుట్ట విచ్చుకుని వాల్వు తెరుస్తుంది, నూనె పలకల మధ్యకు చేరి ఫ్యానును ఇరుసుతో పాటు లాగుతుంది. 2000లో మన దేశానికి వచ్చిన టయోటా క్వాలిస్ వంటి బండ్లలో ఈ క్లచ్‌నే చూస్తాం. ఇక్కడి నుంచి లోపం కంటికి కనిపించడం తగ్గింది: బెల్టు గట్టిగా ఉంటుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, అయినా గాలి చాలదు. ఇంజను ఆపి ఫ్యానును చేత్తో తిప్పినప్పుడు అడ్డులేకుండా అనేక చుట్లు తిరిగితే నూనె పోయిందని, డబ్బా అంచు చుట్టూ దుమ్ము అంటిన నూనె చారలు ఉంటే అది కారిన దారి అదేనని మెకానిక్కులు గుర్తుపట్టడం నేర్చుకున్నారు.

అసలు మలుపు మాత్రం ఇంజనును అడ్డంగా తిప్పి పెట్టడంతో వచ్చింది. ముందు చక్రాలను నడిపే చిన్న కార్లలో స్థలం ఆదా చేయడానికి ఇంజనును బండి వెడల్పు వెంట అమర్చినప్పుడు దాని కప్పీలు పక్క చక్రం వైపు చూస్తాయి, రేడియేటర్ ఎదురుగా ఉండదు. 1959 నాటి మినీ కారులో అలెక్ ఇసిగోనిస్ రేడియేటర్‌నే పక్కకు జరిపాడు. 1969లో వచ్చిన ఫియట్ 128లో దాంతే జియాకోసా రేడియేటర్‌ను ముందే ఉంచి, ఫ్యానును ఇంజను నుంచి పూర్తిగా విడదీసి విద్యుత్ మోటారుకు అప్పగించాడు. 1974 నాటి ఫోక్స్‌వాగన్ గోల్ఫ్‌తో ఆ పద్ధతి యూరప్‌లో సాధారణమైంది. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళాలు అందించడంతో మొదలైన మారుతి 800 దాన్ని భారతీయ మధ్యతరగతి ఇంటికి, వీధి మెకానిక్కు దగ్గరికి చేర్చింది. బెల్టు పట్టి చూసే చేతికి కరెంటు లైను పట్టి చూసే పని ఒక్కసారిగా వచ్చిపడింది.

ఈ తరం ఫ్యాను లైను చిన్నదే. బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి రిలే, రిలే నుంచి మోటారు, మోటారు నుంచి ఎర్తు. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్; దాన్ని ఆజ్ఞాపించేది రేడియేటర్‌కు బిగించిన ఫ్యాన్ స్విచ్, నీరు సుమారు 95 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చేరితే కలిసి, కొన్ని డిగ్రీలు తగ్గాక విడిపోతుంది. ఫ్యాను తిరగనప్పుడు చూడవలసిన క్రమం ఈ అమరిక నుంచే పుట్టింది. ఫ్యాన్ స్విచ్ సాకెట్టు ఊడదీసి దాని రెండు మొనలను వైరు ముక్కతో కలిపితే ఫ్యాను తిరిగిందా, అయితే లైనంతా బాగున్నట్టే, లోపం స్విచ్‌లో ఉంది. తిరగలేదా, అయితే బ్యాటరీ నుంచి మోటారుకు డైరెక్ట్ ఇచ్చి చూడాలి. అప్పుడు తిరిగితే ఫ్యూజు, రిలే, ఎర్తులలో ఒకటి తప్పు, అప్పుడూ తిరగకపోతే మోటారే పోయింది. రెండు పరీక్షలతో అనుమానం చాలావరకు కుదించుకుపోతుంది.

దీనిలో ఎక్కువ తికమక పెట్టేది సగం చచ్చిన మోటారు. మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగినప్పుడు అది ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు. కరెంటు వస్తున్నా కదలని మోటారు మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టినప్పుడు మొదలైతే కార్బన్లు అయిపోయాయని తేల్చేవారు. తిరిగే ఫ్యాను కూడా లోపం లేనిదని అనుకోరాదు. మోటారు మార్చినప్పుడు వైర్లు తారుమారైతే రెక్కలు ఎదురుగాలికి విరుద్ధంగా ఊదుతాయి; రేడియేటర్ ముందు కాగితం పెట్టి అది జాలీకి అతుక్కుంటుందో, ఎగిరిపోతుందో చూడడమే దీనికి పరీక్ష. తుప్పు పట్టిన ఎర్తు దగ్గర ఓల్టేజీ పడిపోయి ఫ్యాను నీరసంగా తిరిగినప్పుడు టెస్ట్ ల్యాంపు వెలుగు మందగించడం దాన్ని పట్టిస్తుంది. రిలే అతుక్కుపోతే ఇంజను ఆపినా ఫ్యాను ఆగక తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది. అయితే ఇంజను ఆపాక కొద్ది నిమిషాలు ఫ్యాను తిరగడం అనేక కార్లలో ఉద్దేశపూర్వకమైన ఏర్పాటు. అది తెలియక రెక్కల దగ్గర చేయి పెట్టినవారికి గాయాలయ్యే ప్రమాదం ఉన్నందువల్లే బానెట్ కింద హెచ్చరిక స్టిక్కర్లు వచ్చాయి.

ఏసీ సర్వసాధారణమైన తరవాత ఫ్యానుకు రెండో యజమాని వచ్చాడు. రేడియేటర్ ముందు ఉండే ఏసీ కండెన్సర్‌కు కూడా గాలి కావాలి కనుక ఏసీ వేయగానే, నీటి వేడితో సంబంధం లేకుండా, ఫ్యాను తిరగాలి. దీనివల్ల మెకానిక్కుకు ఖర్చులేని పరీక్ష ఒకటి దొరికింది: వేడెక్కినా తిరగని ఫ్యాను ఏసీ వేస్తే తిరిగితే మోటారు మీద అనుమానం అక్కడితో తీరుతుంది. బండి కదిలినప్పుడు చల్లగా, ఆగినప్పుడు వెచ్చగా వీచే ఏసీకి గ్యాసు నింపించేముందు ఫ్యానును చూడడం వివేకం.

స్విచ్ దొరకని చోట ఫ్యానును తాళంచెవితో పాటే నిరంతరం తిరిగేలా డైరెక్ట్ చేయడం, థర్మోస్టాట్‌ను తీసి పారేయడం మన వర్క్‌షాపుల్లో ఒక తరం పాటు చికిత్సగా చెలామణి అయ్యాయి. ఎండ తీవ్రత, విడిభాగాల కొరత దీనికి కారణాలు కావచ్చు. కానీ ఎప్పుడూ చల్లగా ఉండే ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. ఆ అలవాటు చరిత్రలో భాగమే గాని అనుసరణీయం కాదు.

2000 నాటి ఉద్గార నిబంధనలతో మన కార్లలో కార్బురేటర్ తొలగి కంప్యూటర్ ఆజ్ఞలతో పెట్రోలు చిమ్మే ఇంజన్లు వ్యాపించాయి, ఫ్యాను ఆజ్ఞ కూడా ఆ కంప్యూటర్ చేతికి పోయింది. ఫ్యాన్ స్విచ్ స్థానంలో వచ్చిన ఉష్ణోగ్రత సెన్సర్ కలవడం, విడిపోవడం చేయదు; వేడి పెరిగే కొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది, ఆ మార్పును కంప్యూటర్ చదువుతుంది. పాత అలవాటుతో దాని సాకెట్టు ఊడదీసిన మెకానిక్కుకు చాలా కార్లలో ఫ్యాను దానంతట అదే పూర్తి వేగంతో తిరగడం వింతగా తోచింది. సమాచారం అందనప్పుడు ఇంజనును కాపాడేందుకు ఫ్యానును నడపమని కంప్యూటర్‌కు ముందే చెప్పి ఉంచారు. అమెరికాలో 1996 నుంచి తప్పనిసరైన, మన దేశంలో 2013 నాటికి అమల్లోకి వచ్చిన ఓబీడీ-2, అంటే బండి తన లోపాన్ని తానే గుర్తించి సంకేతంగా చెప్పే పద్ధతిలో, ఫ్యాను ఆజ్ఞ లైను లోపానికి పి0480 అనే సంకేతం స్కానర్ తెర మీద కనిపిస్తుంది. ఆ సంకేతం లోపం ఏ లైనులో ఉందో చెబుతుంది. రిలే పోయిందా, వైరు తెగిందా, ఎర్తు తుప్పు పట్టిందా అన్నది చెప్పదు. ఆ చివరి మజిలీలో పనికివచ్చేది ఇప్పటికీ టెస్ట్ ల్యాంపే. బ్యాటరీ కార్లలోనూ ఈ అవసరం పోలేదు: నిలబడి వేగంగా ఛార్జి అవుతున్నప్పుడు బ్యాటరీ వేడెక్కుతుంది, ద్రవంతో బ్యాటరీని చల్లబరిచే కార్లలో ఆ వేళ ఫ్యాను హోరు స్పష్టంగా వినవచ్చు.

1960ల నుంచి లారీలకు, కార్లకు పెద్ద వైద్యశాలగా ఎదిగిన విజయవాడ ఆటోనగర్‌లోనూ, హైదరాబాదు నుంచి విశాఖ దాకా ఉన్న ఇతర ఆటోనగర్లలోనూ బెల్టు, క్లచ్, కరెంటు, కంప్యూటర్ అనే నాలుగు తరాలనూ చూసిన మెకానిక్కులు ఉన్నారు. వారి విద్య నోటి మాటగా, చేతి పనిగా మాత్రమే శిష్యులకు అందుతున్నది. ఐటీఐల మోటారు మెకానిక్ తరగతుల్లో స్కానర్ వాడకంతో పాటు లైను వెంట ఒక్కొక్క అడుగూ వేసి లోపాన్ని చేరుకునే ఈ పద్ధతిని కూడా తెలుగులోనే నేర్పాలి. అందుకు కావలసిన పాఠాలను ఆ పెద్దల చేత చెప్పించి, వారు పనిలో ఉండగానే రాయించుకోవాలి.