చిత్రిక చొరని చోటు

వడ్రంగపు చరిత్రను వ్రాసినవారు చిత్రికను గూర్చి, రంపమును గూర్చి, ఉలిని గూర్చి ఎన్నియో పుటలు నింపిరి. ఇనుము నిలుచును, త్రవ్వకములలో దొరకును, గాజుపెట్టెలో పెట్టి చూపుటకు వీలగును. కాని శ్రోతలు తమ యింటనున్న పాత కుర్చీ నగిషీలోనో, వీణకు చివరనుండు యాళిముఖపు కోరల సందుననో వ్రేలు పెట్టి చూచినచో వేరొక ప్రశ్న తోచును. చిత్రిక ఆ చోటికి పోజాలదు. ఉలి పోవును గాని గాటు విడుచును. మరి ఆ సందు అంత నునుపుగా నెట్లు తేరినది?

చిక్కంతయు కొయ్యనారలో నున్నది. పల్లముగా చెక్కిన వంపులో సగము దూరము ఉలి నారవెంట సాఫీగా సాగును; అడుగు దాటి పైకి లేవగానే నారకు ఎదురు నడచి పేళ్ళు లేపును. వాలు చూచుకొననక్కరలేని గరుకు వస్తువు ఏదైన కావలెను. అది వ్రేలివలె వంగవలెను, సందులో దూరవలెను. అట్టి వస్తువు అంగడిలో దొరకని కాలమున పనివాడు చెట్టును, గడ్డిని, సముద్రమును ఆశ్రయించెను.

క్రీ. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము బ్రద్దలై పొంపేయి నగరమును బూడిదలో పూడ్చినది. ఆ బూడిదనుండి రోమకుల చిత్రికలు బయల్పడినవి. ఆ ఉపద్రవములోనే మరణించిన ప్లినీ పండితుడు తన ప్రకృతి చరిత్రలో ఒక జాతి సముద్రమత్స్యపు చర్మముతో కొయ్యను, దంతమును మెరుగుపెట్టుదురని వ్రాసి యుంచెను. చిత్రిక తన సాక్ష్యమును తానే చెప్పుకొన్నది. చేపచర్మమునకు మాత్రము ఒక గ్రంథకర్త దయ కావలసివచ్చెను.

పన్నెండవ శతాబ్దమున లాటిను భాషలో శిల్పవృత్తులను వర్ణించిన థియోఫిలస్, సుద్దపూత పూసిన కొయ్యపలకలను కణుపులుగల ఒక గరుకు గడ్డితో రుద్దుమని చెప్పెను. ఆకులు లేని ఆ గడ్డిని ఐరోపావారు గుర్రపుతోక యని పిలుతురు. దాని కాడపై నిలువుగా సన్నని గాళ్ళుండును. ఆ పైపొరలో ఇసుకకు మూలమైన సిలికా పేరుకొని యుండును. కాడను చీల్చి, తడిపి, వ్రేలికి చుట్టుకొన్నచో ఎంతటి వంపునకైనను ఒదుగును. వయొలిన్ తలకట్టులోని శంఖపు చుట్టును నునుపుచేయుటకు దీనికి మించినది లేదని వాయిద్యకారులలో పెక్కురి నమ్మకము. ఇటలీలోని క్రెమోనా పట్టణమున స్ట్రాడివారి వాడిన అచ్చులు, నమూనాలు మొదలైనవి వందలకొలది నేటికిని భద్రముగ నున్నవి. అరిగి పారవేయబడునట్టి గడ్డిపోచకు అట్టి భాగ్యము పట్టునా!

మాకు మిక్కిలి ముచ్చట గొలుపునది జపాను దువ్వెనల పని. కొయ్య దువ్వెనకు పండ్లు కోయుట ఒక ఎత్తు, పంటికి పంటికి నడుమ గరుకు లేకుండ చేయుట వేరొక ఎత్తు. ఆ సందులో ఒక్క పేడు మిగిలినను వెండ్రుక తెగును. అక్కడివారు గుర్రపుతోక జాతి గడ్డిని ‘తోకుసా’ యందురు; సానరాతి గడ్డి యని దాని యర్థము. ఆ కాడలను ఎండబెట్టి, చదును చేసి, పలుచని చెక్కబద్దకు జిగురుతో అంటింతురు. బద్ద మందము పంటిసందుకు సరిపడవలెను. దానిని ఒక్కొక్క సందులో దూర్చి ముందుకు వెనుకకు లాగుదురు. ఇట్టి బద్దను ఎవరికి కావలసినది వారే చేసికొందురు. పనిముట్టు పేరుతో దీనిని లెక్కించుటకు కొందరు సందేహింతురేమో గాని, మా దృష్టిలో ఇది చిత్రికకు తీసిపోదు.

1833లో లండనులో జాన్ ఓకీ గాజుపొడి అద్దిన కాగితమును తయారుచేయు వ్యాపారము ప్రారంభించెను. మరుసటి సంవత్సరమే అమెరికాలో ఐజాక్ ఫిషర్ గరుకు కాగితమునకు పేటెంటు పొందెను. పని చులుకనయైనది, కాదనము. అయితే మడిచిన కాగితము మడతకడ రాలును. తొందరపడి రుద్దినచో బొమ్మ కనురెప్ప అంచు, పూరేకు మొన మొద్దువారును. పాత తలుపుల చెక్కడమును బాగుచేయించువారు ఈ నష్టము నెరుగుదురు. పోయిన అంచు మరల రాదు.

మన ప్రాంతమున బర్రెంక చెట్టు కలదు. దాని యాకు పిల్లి నాలుకవలె గరుకు. కొయ్యకు, దంతమునకు మెరుగుపెట్ట దానిని వాడుట మన దేశమున పాతదియే. (సయాము దేశస్థులు ఈ చెట్టు బెరడుతో కాగితమే చేసిరి!) అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కొయ్య బొమ్మలను తరిమెన పట్టునపుడు, రాపిడి వేడికి కరగిన లక్కను ఎండు మొగలిరేకుతో అదిమి సమము చేయుదురు. బొమ్మ మెడవద్ద గాడి ఇరుకైనచో రేకును మడిచి అంచుతో ఒత్తుదురు. ఏ మడత ఏ గాడికో, ఎంత ఒత్తవలెనో వ్రాసిపెట్టినవారు అరుదు; తండ్రి చేతిని చూచి కొడుకు నేర్చును. సాయంకాలమునకు ఆ రేకు చీలికలై కొయ్యపొట్టులో కలిసిపోవును. మరునాడు వేరొక రేకు.