ముందు ఇంటివారి కంట పడిన జబ్బు

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో 1901 నవంబరు 25న చేర్చిన 51 ఏళ్ల ఆగస్టె డేటర్‌ను మరునాడు పరీక్షించిన వైద్యుడు అలోయిస్ అల్జైమర్, పెన్సిలు, తాళంచెవి, చుట్ట వంటి వస్తువులు చూపితే ఆమె వాటి పేర్లు సరిగానే చెప్పిందనీ, కాసేపటికే తాను ఏమేమి చూసిందో పూర్తిగా మరిచిపోయిందనీ రాసుకున్నాడు. కాలీఫ్లవర్, పంది మాంసం తింటూనే, ఏం తింటున్నావని అడిగితే పాలకూర అని ఆమె జవాబిచ్చింది. జ్ఞాపకం, భాష, ఆలోచన, నిర్ణయశక్తి క్రమంగా దెబ్బతిని, మనిషి రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేకపోయే డిమెన్షియా అనే స్థితికి సంబంధించి ఇంత ఓపికగా నమోదైన తొలి వివరాలలో ఇవి కొన్ని.

అయితే ఆసుపత్రి గడప తొక్కకముందే ఆ మార్పును గమనించినవాడు రైల్వే గుమాస్తాగా పనిచేసే ఆమె భర్త. మొదట కనిపించింది మతిమరుపు కాదు, భర్తపై అకారణమైన అనుమానం. ఆ తర్వాతే జ్ఞాపకం తగ్గడం, వంటలో పొరపాట్లు దొర్లడం, సామాన్లు ఎక్కడెక్కడో దాచిపెట్టడం మొదలయ్యాయి. స్వభావంలో వచ్చే మార్పు కూడా తొలి హెచ్చరిక కావచ్చునన్న సంగతి ఈ మొదటి ఉదంతంలోనే ఉన్నా, దానికి దక్కవలసిన ప్రాధాన్యం చాలాకాలం దక్కలేదు.

1906 ఏప్రిల్‌లో ఆమె మరణించాక, అప్పటికే మ్యూనిక్‌కు మారిన అల్జైమర్ ఆమె మెదడును తెప్పించుకొని, వెండి లవణాలతో రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, కణాల మధ్య పేరుకున్న ఫలకాలనూ, కణాల లోపల మెలికపడిన నారపోగులనూ గుర్తించాడు. అదే ఏడాది నవంబరు 3న ట్యూబింగెన్‌లో జరిగిన మనోవైద్యుల సభలో ఆయన చేసిన ప్రసంగంపై చర్చే జరగలేదు. 1910లో మనోవైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ జబ్బుకు అల్జైమర్ పేరు పెట్టి, ముసలితనపు మతిభ్రంశం నుంచి వేరుచేయడంతో, నడివయసులో వస్తే వ్యాధిగా, వృద్ధాప్యంలో వస్తే వయసు ధర్మంగా చూసే అలవాటు దశాబ్దాలపాటు స్థిరపడిపోయింది. వృద్ధులకు ఇంతకన్నా పెద్ద అన్యాయం ఆనాటి వైద్యశాస్త్రం చేయలేదనే చెప్పాలి.

వయసును బట్టి కట్టిన ఆ గోడను బలంగా కదిలించినది ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో బ్లెస్డ్, టామ్లిన్‌సన్, రాత్ 1968లో ప్రకటించిన పరిశోధన. చిన్న మొత్తాల డబ్బు లెక్క చూసుకోగలరా, ఇంటి పనులు చేయగలరా, తెలిసిన వీధుల్లో దారి తప్పుతున్నారా అని వృద్ధుల బంధువులను అడిగి తెలుసుకున్న వివరాలను, మరణానంతరం మెదడులో లెక్కించిన ఫలకాలతో పోల్చి చూస్తే రెండింటికీ పొంతన కుదిరింది. అంటే ఇంటివారి మాట సూక్ష్మదర్శినికి తీసిపోని సాక్ష్యమని తేలింది. 1976లో నాడీవైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్ వయసు ఆధారంగా గీసిన ఆ గీత అర్థరహితమని గట్టిగా వాదించాడు.

ఇంటివారిని కాక రోగినే ప్రశ్నించి జ్ఞాపకాన్నీ ఆలోచననూ కొలిచే, 1975లో వచ్చిన 30 మార్కుల ఫోల్‌స్టీన్ పరీక్ష చదవడం, రాయడం మీద కూడా ఆధారపడినందువల్ల నిరక్షరాస్యులకు సరిపడక, హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో దానికి హిందీ రూపాంతరం తయారుచేశారు. ఇంటివారి మాటకు ఇక్కడా విలువ తగ్గలేదు: హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల విషయంలో, తొలి లక్షణం ఏ వయసులో కనిపించిందో కుటుంబసభ్యులను అడిగి నమోదు చేసి, ఒకే భాష మాట్లాడేవారికంటే రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో అది సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందనీ, చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించిందనీ 2013లో ప్రకటించింది.