సీమ నవలయు సంఘచరిత్రయు

కర్నూలు మండలమున డిప్యూటీ కలెక్టరుగా నుండిన నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారు 1872వ సంవత్సరమున ‘శ్రీ రంగరాజ చరిత్రము’ను ప్రకటించిరి. వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ కంటె నిది పూర్వము. లంబాడీలలో పెరిగిన సోనాబాయి పరిణయ మందలి కథ. ఆ చెట్టిగారే 1886లో కర్నూలు మండల వృత్తాంతమును ఆంగ్లమున సంకలన మొనర్చిరి. ఊళ్లను, జాతులను పట్టికల కెక్కించిన చేయియే, మనుష్యునకు గుర్తు పుట్టుకయా పెంపకమా యను ప్రశ్నను పాఠకుని యెదుట నిలిపినది.

అట్టి ప్రశ్నలను శాస్త్రీయముగ విచారించినవారు చిత్తూరు మండలమువారైన వల్లంపాటి వేంకటసుబ్బయ్యగారు. వారు ‘నవలాశిల్పము’ రచించిరి, ‘కథాశిల్పము’నకు 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము నందిరి, తుదకు రాయలసీమ ఆధునిక సాహిత్యమును సామాజిక దృష్టితో పరిశీలించి, 2007లో కీర్తిశేషులైరి.

కావున, సోదరులారా, సంఘచరిత్ర వ్రాయబూనిన మనము గోత్రములను, దాతల పేరులను గుదిగ్రుచ్చిన మాత్రమున చాలదు. కరవులో వలస పోయినదెవరు? మన చేలలో పాటుపడిన యితర కులములవారెవరు? మన యాడుబిడ్డలు బడికి పోవుట యెన్నడు మొదలయ్యెను? కడప, కర్నూలు శాఖలవారు వృద్ధుల నడిగి, దాచక వ్రాసి పంపవలెనని కోరుచున్నాము.