మహామాంద్య కాలపు సహాయ పనులు – ప్రజావినోదం: అమెరికా అనుభవం (1933–1943)

ఉపోద్ఘాతం

1929లో మొదలైన మహామాంద్యం 1933 నాటికి అమెరికా సంయుక్త రాష్ట్రాల శ్రామికుల్లో దాదాపు నాలుగో వంతు మందిని నిరుద్యోగులుగా మార్చింది. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ప్రభుత్వం చేపట్టిన సహాయ పనుల్లో రోడ్లు, వంతెనలతో పాటు ఉద్యానవనాలు, ఈత కొలనులు, ఆటస్థలాలు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నాయి. జీవనాధారమే కరవైన కాలంలో వినోదానికి ప్రజాధనాన్ని ఎందుకు వెచ్చించారు, ఆ వినోదం ఎవరికి అందింది అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

సహాయ పనుల స్వరూపం

సహాయ కార్యక్రమాలకు నాయకత్వం వహించిన హ్యారీ హాప్కిన్స్ ఉచిత భృతి కంటే పనికి వేతనం ఇవ్వడమే మేలని విశ్వసించాడు. ఊరికే ఇచ్చే సాయం మనిషి ఆత్మగౌరవాన్ని హరిస్తుందన్నది ఆయన వాదం. 1933లో ఏర్పడిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ యువకులను అడవుల పెంపకానికి, ఉద్యానవనాల నిర్మాణానికి నియమించింది. వారి నెల జీతం 30 డాలర్లలో సుమారు 25 డాలర్లు నేరుగా కుటుంబాలకు చేరేవి. 1935లో ప్రారంభమైన వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ (డబ్ల్యూపీఏ) 1943 వరకు సుమారు 85 లక్షల మందికి పని కల్పించింది.

వినోద రంగాన్ని ఎంచుకోవడానికి కారణాలు

ఈ ఎంపికకు ప్రధాన కారణం సహాయ పనులకు ఉన్న పరిమితులే. ప్రభుత్వ పనులు ప్రైవేటు పరిశ్రమలతో పోటీ పడకూడదు. నిధుల్లో అధిక భాగం యంత్రాలకు కాక కూలీల చేతికి చేరాలి. నేల చదును చేయడం, చెట్లు నాటడం, ఆటస్థలాలు తీర్చిదిద్దడం ఈ రెండు షరతులకూ సరిపోయాయి. ఆటలు, చేతిపనులు, సంగీతం నేర్పే శిక్షకులకూ ఇదే పద్ధతిలో ఉపాధి దొరికింది. ఇటువంటి శిక్షణను విమర్శకులు వృథా వ్యయమని ఎగతాళి చేశారు. ఆ అర్థంలో 'బూన్‌డాగుల్' అనే మాట 1935లో రాజకీయ నిందగా ప్రచారంలోకి వచ్చింది.

నిర్మాణాల విషయంలో న్యూయార్క్ ప్రముఖ ఉదాహరణ. అక్కడ ఉద్యానవనాల కమిషనర్ రాబర్ట్ మోజెస్ ఆధ్వర్యంలో, డబ్ల్యూపీఏ శ్రమతో నిర్మించిన 11 భారీ ఈత కొలనులు 1936 వేసవి ఒక్కదానిలోనే ప్రారంభమయ్యాయి. కిక్కిరిసిన పేటల్లోని శ్రామిక కుటుంబాలకు అవి అందుబాటులోకి వచ్చాయి.

స్థానిక నియంత్రణ – వర్ణవివక్ష

డబ్ల్యూపీఏ పనుల్లో అధిక భాగాన్ని ప్రతిపాదించినవి నగరపాలక సంస్థలు, కౌంటీలు, రాష్ట్రాలు. వేతనాల భారాన్ని ప్రధానంగా కేంద్రం మోసేది; సామగ్రి ఖర్చులో స్థానిక సంస్థలు పాలుపంచుకునేవి. పూర్తయిన నిర్మాణం వాటి అధీనంలోనే ఉండేది. పథకం దేశమంతటా వేగంగా విస్తరించడానికి తోడ్పడిన ఈ ఏర్పాటే అసమానతకూ దారి తీసింది.

అర్హులైన కార్మికులపై వివక్ష చూపరాదని 1935 మే నెలలో రూజ్‌వెల్ట్ ఉత్తర్వు జారీ చేశాడు. అయితే ఆ ఉత్తర్వు నియామకాలకు సంబంధించినది. నిర్మాణం పూర్తయ్యాక కొలనులోకి, ఉద్యానవనంలోకి ఎవరిని రానివ్వాలన్నది స్థానిక అధికారుల చేతుల్లోనే ఉండిపోయింది. దక్షిణాది రాష్ట్రాల్లో చట్టబద్ధమైన వర్ణవిభజన ఈ స్థలాలకూ వర్తించింది. అటువంటి చట్టం లేని న్యూయార్క్‌లోనూ హార్లెంలోని కలోనియల్ పార్క్ కొలను నల్లజాతి వారిదిగా, తూర్పు హార్లెంలోని థామస్ జెఫర్సన్ కొలను శ్వేతజాతి వారిదిగా ఆచరణలో విడిపోయాయి. సివిలియన్ కన్జర్వేషన్ కోర్ శిబిరాల్లోనైతే 1935 నుంచి కేంద్ర యంత్రాంగమే వర్ణవిభజనను నియమంగా అమలు చేసింది.

ముగింపు

యుద్ధకాలపు ఉత్పత్తి నిరుద్యోగాన్ని తొలగించడంతో 1943లో డబ్ల్యూపీఏ ముగిసింది. అది నిర్మించిన కొలనులు, ఉద్యానవనాలు మాత్రం నిలిచాయి. విశ్రాంతి, వినోదం సంపన్నుల సొత్తు కావని, వాటిని సమకూర్చడం ప్రభుత్వ బాధ్యతల్లో ఒకటని ఈ దశాబ్దం ఆచరణలో చూపింది. అదే సమయంలో పని హక్కును, ఆ పని ఫలితాన్ని అనుభవించే హక్కును వేరు చేసింది. కొలను తవ్వే పనిలో కూలి పొందిన నల్లజాతి శ్రామికుడి పిల్లలకు అందులో ఈదే అవకాశం ఉంటుందన్న హామీ లేదు. కనుక ప్రజాపనుల చరిత్రను పనిదినాలు, వ్యయం, కట్టడాల సంఖ్యతో మాత్రమే అంచనా వేయడం అసమగ్రం. నిర్మాణం పూర్తయిన తర్వాత ఆ స్థలంలో ప్రవేశాన్ని ఎవరు నిర్ణయించారన్నది కూడా పరిశోధకులు పరిశీలించవలసిన అంశం.