రేవు, ఉక్కు, సిటీ బస్సు: విశాఖపట్నంలో బస్సు రవాణా ప్రణాళికల చరిత్ర

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• విశాఖపట్నం నగర విస్తరణకూ, బస్సు మార్గాలకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• ప్రైవేటు బస్సుల నుంచి ప్రభుత్వ బస్సులకు జరిగిన మార్పును, దాని చట్టపరమైన నేపథ్యాన్ని తెలుసుకుంటారు.
• బి.ఆర్.టి.ఎస్. పథకం అనుభవాన్ని విమర్శనాత్మకంగా అంచనా వేయగలుగుతారు.
• ఒక మార్గంలో ఎన్ని బస్సులు అవసరమో లెక్కకట్టగలుగుతారు.

1. పరిచయం

నగర చరిత్ర అనగానే మనకు కోటలు, కలెక్టర్లు, కర్మాగారాలు గుర్తుకు వస్తాయి. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు చేరవలసిన కార్మికుడు ఇంటి నుంచి ఎలా బయలుదేరాడు అన్న ప్రశ్న చరిత్ర పుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది. కాని ఒక నగరం ఎవరి కోసం పెరిగిందో తెలుసుకోవాలంటే ఈ ప్రశ్న తప్పదు. విశాఖపట్నంలో పని స్థలాలను రేవు, నౌకాదళం, ఉక్కు కర్మాగారం వంటి పెద్ద సంస్థలు నిర్ణయించాయి. నివాసాలు వాటి చుట్టూ, కొన్నిసార్లు వాటికి దూరంగా ఏర్పడ్డాయి. ఈ రెండింటినీ కలిపే బాధ్యత బస్సుపై పడింది. ఆ బాధ్యతను నిర్వర్తించడానికి వేసిన ప్రణాళికలు ఎవరి అవసరాన్ని చూశాయి, ఎవరి అవసరాన్ని చూడలేదు అన్నదే ఈ పాఠంలోని ముఖ్య విషయం.

2. రేవు చుట్టూ విస్తరించిన నగరం

1901 జనాభా లెక్కల నాటికి విశాఖపట్నం దాదాపు 41 వేల మంది ఉన్న చిన్న పట్టణం. నేడు వన్ టౌన్ అని పిలిచే పాత పట్టణమే అప్పటి కేంద్రం. నడిచి వెళ్లగలిగిన దూరాలలోనే జీవితం సాగేది. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట ఉన్న బురద నేలలను తవ్వి లోపలి రేవును నిర్మించారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' నౌక ఈ రేవులోకి ప్రవేశించింది. అదే సంవత్సరం డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు.

రేవు తరువాత ఒకదాని వెంట ఒకటి పరిశ్రమలు వచ్చాయి. 1941లో సింధియా సంస్థ నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అక్కడ తయారైన 'జల ఉష' నౌకను 1948లో జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించాడు. 1957లో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం ప్రారంభమైంది. ఇవన్నీ రేవుకు పడమర, దక్షిణ దిక్కులలో, అంటే పాత పట్టణానికి అవతలి వైపున ఉన్నాయి. మధ్యలో రేవు నీళ్లు, రైల్వే యార్డులు, డాల్ఫిన్ నోస్ కొండ అడ్డు. అందువల్ల పాత పట్టణం నుంచి సింధియాకు, మల్కాపురానికి రోడ్డు మీద చేరాలంటే రేవును చుట్టి వెళ్లవలసిందే. నగరం మధ్య ఉన్న ఈ చుట్టుదారి బస్సు ప్రయాణ కాలాన్ని మొదటి నుంచీ శాసిస్తూ వచ్చింది.

ఈ కాలంలో జనాభా పెరిగిన తీరు చూడండి. 1951లో 1.08 లక్షలు ఉన్న జనాభా, 1991 నాటికి పరిసర పట్టణ ప్రాంతంతో కలిపి 10 లక్షలు దాటింది. నలభై ఏళ్లలో దాదాపు పది రెట్లు! ఈ వేగంతో రోడ్లు గానీ బస్సులు గానీ పెరగలేదు.

3. ప్రైవేటు బస్సు నుంచి ప్రభుత్వ బస్సుకు

తెలుగు ప్రాంతాలలో ప్రభుత్వ బస్సు రెండు దారులలో వచ్చింది. హైదరాబాద్ రాజ్యంలో నిజాం ప్రభుత్వం 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించింది. మద్రాసు రాష్ట్రంలో భాగమైన కోస్తా జిల్లాలలో మాత్రం ప్రైవేటు యజమానులే బస్సులు నడిపేవారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలు కొరత ఏర్పడినప్పుడు వెనుక బొగ్గు పొయ్యి అమర్చిన 'బొగ్గు బస్సులు' తిరిగిన సంగతి మీ ఇళ్లలోని వృద్ధులు తమ పెద్దల నుంచి వినే ఉంటారు.

1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ప్రైవేటు మార్గాలను ప్రభుత్వ సంస్థకు అప్పగించాలంటే మోటారు వాహనాల చట్టానికి 1956లో చేర్చిన అధ్యాయం ప్రకారం ముందుగా ఒక పథకాన్ని ప్రచురించాలి, అభ్యంతరాలు స్వీకరించాలి, వాటిని విచారించాలి. కృష్ణా జిల్లా బస్సు మార్గాల విషయంలో ఈ ప్రక్రియ సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా ఇది ప్రసిద్ధి. అభ్యంతరాలను శాఖ కార్యదర్శి విని, నిర్ణయాన్ని ముఖ్యమంత్రి తీసుకోవడం చెల్లదని 1958లో కోర్టు తీర్పు చెప్పింది. ఒకరు వినడం, మరొకరు నిర్ణయించడం సహజ న్యాయానికి విరుద్ధమన్నది అందులోని సూత్రం. తరువాత ముఖ్యమంత్రే స్వయంగా అభ్యంతరాలు విన్నాడు. 1959లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని ఆమోదించింది.

ఈ కేసును న్యాయశాస్త్ర విద్యార్థులు పాలనా న్యాయం కోసం చదువుతారు. మనం దానిని మరో కోణంలో చూడాలి. కోర్టు ముందుకు వచ్చినవారు బస్సు యజమానులు. ఎదుటి పక్షం ప్రభుత్వం. రోజూ ఆ బస్సు ఎక్కే ప్రయాణికుడు ఆ వివాదంలో పక్షం కాదు. బస్సు ఎవరిది అన్న ప్రశ్నకు సమాధానం దొరికింది. బస్సు ఏ వేళకు, ఏ దారిలో నడవాలి అన్నది ఎవరిని అడిగి నిర్ణయించాలి అన్న ప్రశ్న మిగిలిపోయింది.

4. ఉక్కు కర్మాగారం, కొత్త దూరాలు

'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' ఉద్యమం 1966లో ఉద్ధృతమైంది. 1970 ఏప్రిల్‌లో ప్రధాని ఇందిరాగాంధీ కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేశారు. కర్మాగారం, ఉక్కునగరం పాత నగర కేంద్రానికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఏర్పడ్డాయి. భూములు ఇచ్చిన గ్రామాల ప్రజలకు అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ వైపు పునరావాస కాలనీలు వెలిశాయి. గాజువాక ఒక పట్టణంగా ఎదిగింది. 2005లో గాజువాక పురపాలక సంఘాన్ని, 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు.

ఇక్కడ మీరు ఒక తేడాను గమనించాలి. పెద్ద సంస్థల శాశ్వత ఉద్యోగులకు టౌన్‌షిప్పులు, సంస్థ నడిపే బస్సులు ఉండేవి. కాంట్రాక్టు కార్మికుడు, ఇళ్లలో పని చేసే స్త్రీ, చేపల రేవు నుంచి గంప ఎత్తుకొని కాలనీలకు వెళ్లే జాలరి మహిళ ఆ ఏర్పాటుకు వెలుపలివారు. కర్మాగారం ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. సిటీ బస్సు మాత్రం రాత్రి పొద్దుపోయాక పలచబడుతుంది. ఈ ఖాళీలోకి షేర్ ఆటో వచ్చింది. ఆటోను ట్రాఫిక్ సమస్యగా మాత్రమే చూస్తే సగం సత్యమే తెలుస్తుంది. అది ఎక్కడ ఎక్కువగా తిరుగుతోందో అక్కడ బస్సుకు గిరాకీ ఉండి కూడా బస్సు చాలడం లేదని అర్థం.

5. బి.ఆర్.టి.ఎస్. ప్రయోగం

2005 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ పునర్నిర్మాణ పథకాన్ని ప్రారంభించింది. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలను కాక మనుషులను తరలించడమే లక్ష్యం కావాలని చెప్పింది. బస్సులకు రోడ్డు మధ్య ప్రత్యేక వరుసలు కేటాయించే పద్ధతిని బ్రెజిల్‌లోని కురిటిబా నగరం 1974లోనే ఆరంభించింది. కొలంబియా రాజధాని బొగోటా 2000లో దానిని పెద్ద ఎత్తున చేపట్టింది. మన దేశంలో అహ్మదాబాద్ 2009లో 'జన్‌మార్గ్' పేరుతో ప్రారంభించింది.

విశాఖపట్నంలో ఇదే పథకం కింద పెందుర్తి కారిడార్, సింహాచలం కారిడార్ అనే రెండు మార్గాలను చేపట్టారు. మొత్తం పొడవు సుమారు 43 కిలోమీటర్లు, అంచనా వ్యయం సుమారు 450 కోట్ల రూపాయలు. పథకం నియమాల ప్రకారం ఈ స్థాయి నగరంలో కేంద్రం 50 శాతం, రాష్ట్రం 20 శాతం, నగరపాలక సంస్థ 30 శాతం భరించాలి. రోడ్లు విశాలమయ్యాయి. మధ్య వరుసలు ఏర్పడ్డాయి. కాని కొన్ని చోట్ల భూసేకరణ చిక్కుల వల్ల పని సంవత్సరాల తరబడి ఆగింది. ప్రత్యేక వరుసలో నిర్ణీత వ్యవధికి ఒక బస్సు వచ్చే పూర్తి వ్యవస్థ మాత్రం రూపుదిద్దుకోలేదు. బి.ఆర్.టి.ఎస్. అన్న మాట నగరవాసులకు బస్సు పేరుగా కాక రోడ్డు పేరుగా మిగిలింది.

దీనికి కారణం ఏమిటి? రోడ్డు నిర్మాణం నగరపాలక సంస్థది. బస్సు నడపడం ఆర్.టి.సి.ది. వరుసను కాపాడడం ట్రాఫిక్ పోలీసులది. అహ్మదాబాద్‌లో ఈ సేవ కోసమే ఒక ప్రత్యేక కంపెనీని ఏర్పాటు చేశారు. ఇక్కడ రోడ్డుకు ఉన్నంత స్పష్టమైన యాజమాన్యం సేవకు లేకపోయింది.

6. ప్రణాళిక లెక్క: బస్సులు ఎన్ని కావాలి?

ప్రత్యేక వరుస ఎందుకు ముఖ్యమో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. ఒక మార్గం పొడవు 20 కిలోమీటర్లు. ప్రతి 10 నిమిషాలకు ఒక బస్సు కావాలి. చివరి స్టాపులో 10 నిమిషాల విరామం ఉంటుంది.

• బస్సు గంటకు 20 కి.మీ. వేగంతో వెళితే: ఒక వైపు 60 నిమిషాలు, విరామంతో 70. రానుపోను 140 నిమిషాలు. 140ని 10తో భాగిస్తే 14 బస్సులు కావాలి.
• ట్రాఫిక్ వల్ల వేగం 15 కి.మీ.కు పడిపోతే: ఒక వైపు 80 నిమిషాలు, విరామంతో 90. రానుపోను 180 నిమిషాలు. 18 బస్సులు కావాలి.

అంటే అదే సేవకు నాలుగు బస్సులు, వాటి సిబ్బంది, ఇంధనం అదనం. అదనపు బస్సులు ఇవ్వకపోతే ప్రయాణికుడు 10 నిమిషాలకు బదులు దాదాపు 13 నిమిషాలు వేచి ఉంటాడు. వేచి ఉండలేనివాడు ఆటో ఎక్కుతాడు, తరువాత మోటారు సైకిల్ కొంటాడు. రోడ్డు మరింత నిండుతుంది, బస్సు మరింత నెమ్మదిస్తుంది. ఈ విషవలయాన్ని తెంచడానికి కొత్త బస్సులు కొనడం ఒక మార్గం. ఉన్న బస్సు కదలడానికి దారి ఇవ్వడం మరొక మార్గం. రెండవది తక్కువ ఖర్చు, కాని కార్ల యజమానులను ఎదుర్కోవాలి కనుక రాజకీయంగా కష్టం.

7. టికెట్టు, వేళ, వినికిడి

2020 జనవరి 1 నుంచి ఆర్.టి.సి. సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. 2025 ఆగస్టు 15న 'స్త్రీ శక్తి' పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సహా ఐదు రకాల బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. టికెట్టు ఖర్చు అడ్డుగా ఉన్న స్త్రీకి ఇది పెద్ద మార్పు. కాని ఉచిత టికెట్టు, బస్సు వచ్చినప్పుడే ఉపయోగపడుతుంది. రాత్రి పది గంటల తరువాత విధులు ముగించుకొనే ఆస్పత్రి ఆయాకు చార్జీ ఎంత ముఖ్యమో, బస్సు వేళ కూడా అంతే ముఖ్యం.

2014 రాష్ట్ర పునర్విభజన చట్టం విశాఖపట్నంలో మెట్రో రైలు సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని సూచించింది. రేపు మెట్రో వచ్చినా, స్టేషన్ నుంచి ఇంటికి చేర్చేది బస్సే. కాబట్టి 1958 తీర్పులోని సూత్రాన్ని మనం విస్తరించి చూడవలసి ఉంది. విన్నవారే నిర్ణయించాలని కోర్టు అన్నది. బస్సు ప్రణాళికలో వినవలసినది స్టాపులో నిలబడిన మనిషిని.

సారాంశం

విశాఖపట్నంలో పరిశ్రమలు ముందు వచ్చాయి, బస్సు వెనుక వచ్చింది. జాతీయీకరణ బస్సు యాజమాన్యాన్ని మార్చింది. బి.ఆర్.టి.ఎస్. రోడ్డును మార్చింది. ప్రయాణికుడి వేళను కేంద్రంగా చేసుకొన్న ప్రణాళిక ఇంకా రావలసి ఉంది.

కృత్యం

మీ ఇంటికి దగ్గరలోని బస్ స్టాపులో ఒక పని దినాన ఉదయం ఒక గంట, రాత్రి ఒక గంట నిలబడండి. వచ్చిన ప్రతి బస్సు నంబరు, సమయం రాయండి. వేచి ఉన్నవారు ఏ పనికి వెళ్తున్నారో, బస్సు రాకపోతే ఏం చేస్తారో వారి అనుమతితో అడిగి రాసుకోండి. మీరు రాసిన ఆ రెండు పేజీలు రేపటి చరిత్రకారుడికి ఆధారాలు.

మాదిరి ప్రశ్నలు

1. రేవు నిర్మాణం విశాఖపట్నం బస్సు మార్గాలను ఎలా ప్రభావితం చేసింది?
2. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసులోని ముఖ్య సూత్రాన్ని వివరించి, రవాణా ప్రణాళికకు దాని ప్రాసంగికతను చర్చించండి.
3. 18 కి.మీ. మార్గంలో గంటకు 18 కి.మీ. వేగంతో, చివరి స్టాపులలో 15 నిమిషాల విరామంతో, ప్రతి 15 నిమిషాలకు ఒక బస్సు నడపాలంటే ఎన్ని బస్సులు కావాలి?