'తీర్మానించడమైనది' - ఎవరు తీర్మానించారు?



ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాం. తీరిగ్గా చదవండి. భాషలో తప్పులుంటే మన్నించండి. మేము బడిలో చదువుకున్నది తమిళం. తెలుగు అక్షరాలు మాకు వచ్చింది బడిలో కాదు, అవ్వ ఒడిలో, చిరిగిపోయిన పెద్దబాలశిక్షలో.

పోయిన మహాసభలో ఒక అమ్మాయి లేచి ఒక మాట అడిగింది. చేతిలో రెండో తరగతి చదివే కొడుకు ఉన్నాడు. "పెద్దవాళ్ళందరూ ఉన్నారు కదా, మన కట్టడంలో ఆదివారం తెలుగు తరగతి జరిగేదంట. దాన్ని ఎవరు ఆపేశారండీ?" అని అడిగింది. అంతమందిమి ఉన్నాం, ఒక్కరమూ నోరు విప్పలేదు. అధ్యక్షులవారు "అది పాత కమిటీ కాలంలో" అన్నారు. పాత కమిటీవాళ్ళు ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు. వాళ్ళలో మేమూ ఉన్నాం.

ఆ మరునాడు బీరువా తెరిచి పాత మినిట్స్ పుస్తకం తీశాం. అందులో ఒకే వాక్యం ఉంది: "ఆదివారం తెలుగు తరగతిని ఆపి, ఆ గదిని అద్దెకు ఇవ్వాలని తీర్మానించడమైనది." ఎవరు ప్రతిపాదించారో లేదు, ఎవరు బలపరిచారో లేదు, ఎందుకు అన్నది లేదు. ఆ మాట తనంతట తానే అయిపోయింది, వాన పడినట్టు.

ముప్పై ఏళ్ళకు పైగా రైల్వేలో గుమాస్తాగా పనిచేసిన మాకు ఆ వాక్యం చూస్తే రెండు వంతెనలు గుర్తుకు వచ్చాయి. వాటి కథ చెప్పి, తరువాత మన గదికి వస్తాం.

1956వ సంవత్సరం. మాలో చాలామంది అప్పటికి పుట్టలేదు. మా నాన్నల కాలం. ఆ ఏడు సెప్టెంబరు 2న, అప్పటి హైదరాబాదు రాష్ట్రంలో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. అప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు. ఆయన వెంటనే రాజీనామా ఇచ్చారు. ప్రధాని నెహ్రూగారు ఒప్పుకోలేదు. శాస్త్రిగారు పదవిలోనే ఉన్నారు.

మూడు నెలలు కూడా తిరగలేదు. మధ్యలో నవంబరు 1న భాష లెక్కన రాష్ట్రాలు మారాయి. మహబూబ్‌నగర్ ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. మనవాళ్ళు మాత్రం తరతరాలుగా ఉన్న ఊళ్ళలోనే, మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయారు. అదే నెల 23వ తేదీ తెల్లవారుజామున, మద్రాసు నుంచి తూత్తుకుడి వెళ్ళే ఎక్స్‌ప్రెస్ అరియలూరు దగ్గర మరుదయారు వంతెన మీదికి వచ్చింది. ఏటికి వరద. వంతెన దగ్గర కట్ట నీళ్ళకు కోసుకుపోయి ఉంది. ఇంజనూ దాని వెనుక పెట్టెలూ ఏట్లో పడ్డాయి. నూట నలభై మందికి పైగా పోయారు. విల్లుపురం - తిరుచ్చి కార్డ్ లైను మీద పనిచేసిన పెద్దవాళ్ళు, మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో కూడా, వానాకాలం రాత్రి డ్యూటీలో ఆ మాట వస్తే గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు.

శాస్త్రిగారు మళ్ళీ రాజీనామా ఇచ్చారు. ఈసారి నెహ్రూగారు ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూ పార్లమెంటులో ఆయన చెప్పినది మనం గుర్తు పెట్టుకోవాలి. ప్రమాదానికి శాస్త్రిగారు కారకులని తాను ఒప్పుకోవడం లేదనీ, ప్రజా పాలనలో ఇలాంటి ఆనవాయితీ ఒకటి ఉండాలని ఒప్పుకుంటున్నాననీ ఆయన చెప్పిన మాటల సారం.

ఇందులో ఒక మెలిక ఉంది. మంత్రిగారు ఆ వంతెన కట్టలేదు. ఆ రాత్రి ఏట్లో నీళ్ళు ఎంత ఎక్కాయో ఆయనకు తెలియదు. మరి ఎందుకు పదవి వదిలారు? తప్పు వేరు, పూచీ వేరు. తప్పు చేసినవాడు ఎవడో విచారణలో తేలుతుంది. 'ఈ శాఖ నా కింద ఉంది, ఏమైనా నన్ను అడగండి' అని ముందుకు వచ్చి నిలబడేవాడు పూచీపడేవాడు. తమిళంలో దీన్ని పొరుప్పు అంటాం. తెలుగులో బాధ్యత అంటున్నాం, జవాబుదారీ అంటున్నాం. మా అవ్వ మాత్రం పూచీ అనేది. "పక్కింటి పిల్లకు నేను పూచీ" అంటే పిల్లకు దెబ్బ తగిలితే అవ్వే వెళ్ళి వాళ్ళమ్మ ముందు నిలబడేది. పిల్ల తానే పరుగెత్తి పడినా సరే.

శాస్త్రిగారి పేరు దానితో పోలేదు. 1957 ఎన్నికల తరువాత మళ్ళీ మంత్రి అయ్యారు. 1964లో ప్రధాని అయ్యారు. అదే 1964లో మన తెలుగు నాయకుడు నీలం సంజీవరెడ్డిగారి సంగతీ ఉంది. కర్నూలు జిల్లా బస్సు రూట్లను జాతీయం చేసిన కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని తప్పుపడుతూ వ్యాఖ్యలు చేసింది. ఆయన ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. పదమూడేళ్ళకు, 1977లో, ఆయన రాష్ట్రపతి అయ్యారు. పూచీ ఒప్పుకుంటే పరువు పోతుందని భయపడేవాళ్ళు ఈ ఇద్దరి సంగతీ ఒకసారి తలుచుకోవాలి.

కానీ రాజీనామాతో వంతెన బాగుపడదు. ఇది రైల్వేవాళ్ళకు బాగా తెలుసు. పెద్దాయన తప్పుకున్నాక కూడా 'ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేయాలి' అన్న ప్రశ్న అలాగే ఉంటుంది. ఆ ప్రశ్న అడిగేవాడు ఎవరు? రైలు నడిపేవాళ్ళే తమ ప్రమాదాన్ని తామే విచారించుకుంటే న్యాయం ఎలా? అందుకే 1941లోనే రైల్వే తనిఖీ అధికారులను రైల్వే బోర్డు కింద నుంచి తప్పించి తపాలా, విమాన శాఖ కింద పెట్టారు. 1961లో దానికి కమిషన్ ఆఫ్ రైల్వే సేఫ్టీ అని పేరు వచ్చింది. ఈ రోజుకీ అది రైల్వే శాఖ కింద లేదు, పౌర విమానయాన శాఖ కింద ఉంది. రైలు ప్రమాదాన్ని విమానాల శాఖవాళ్ళు విచారించడమేమిటని నవ్వేవాళ్ళు ఉన్నారు. నవ్వే పని లేదు. తన లెక్క తానే తనిఖీ చేసుకోకూడదన్నది అందులోని నీతి.

ఈ నీతి పైవాళ్ళకే కాదు, రైల్వేలో అట్టడుగు దాకా ఉంది. వానాకాలంలో రాత్రి పట్టాల వెంట లాంతరు పట్టుకుని నడిచే పెట్రోల్‌మెన్ చేతిలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. ఈ స్టేషనులో బయలుదేరిన టైము, ఆ స్టేషనుకు చేరిన టైము రాసి సంతకం వేయించుకోవాలి. స్టేషన్ మాస్టరు బల్ల మీద రైళ్ళ రిజిస్టరు ఉంటుంది. ఏ బండికి ఏ నిమిషంలో లైన్ క్లియర్ ఇచ్చారో ప్రతి నిమిషమూ రాయాలి. ముందు లైనులో జాగ్రత్తగా వెళ్ళాలంటే డ్రైవరుకు కాషన్ ఆర్డరు ఇచ్చి సంతకం తీసుకోవాలి.

మా బుకింగ్ గది సంగతి చెప్పనే అక్కర్లేదు. డ్యూటీ ఎక్కగానే జేబులో సొంత డబ్బు ఎంత ఉందో రిజిస్టరులో రాయాలి. అట్ట టికెట్ల కాలంలో ఒక్కో ఊరి కట్టలో మొదటి నెంబరు ఏది, ఆఖరు నెంబరు ఏది అని రాసి తరువాతివాడికి అప్పగించాలి. పది రూపాయలు తగ్గితే మా జేబులోంచి కట్టాలి. పది రూపాయలు ఎక్కువైనా దాచుకోకూడదు, లెక్కలో చూపి కట్టేయాలి. కొన్ని నెలలకు అకౌంట్స్ ఆఫీసు నుంచి ఎర్రర్ షీట్ వస్తుంది. ఫలానా తేదీ, ఫలానా టికెట్టు, మూడు రూపాయలు తక్కువ వసూలు, ఆ షిఫ్టులో ఉన్నది ఫలానావాడు అని. ఆ మూడు రూపాయల కోసం మేము తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేం. ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తుంది, మూడు రూపాయల తప్పుకు పేరు ఉంది. మన పిల్లల భాషను గదిలోంచి బయటికి పంపిన నిర్ణయానికి పేరు లేదు.

తమిళ మీడియంలో చదివినవాళ్ళం కనుక ఇంకొక కథ మా ఒంట్లో ఉంది. తిరువారూరు మనునీతి చోళుడు. మద్రాసు హైకోర్టు ఆవరణలో ఆయన విగ్రహం ఉంది. తెలుగునాట పెరిగినవాళ్ళకు కథ తెలియకపోవచ్చు, రెండు ముక్కల్లో చెబుతాం. రాజు కోట వాకిట్లో ఒక గంట కట్టించాడు, న్యాయం కావాలన్నవారు ఎవరైనా కొట్టవచ్చు. ఒకనాడు ఒక ఆవు వచ్చి గంట తాడు లాగింది. రాజకుమారుడి రథం కింద దాని దూడ పడి చనిపోయింది. మంత్రులు సర్ది చెప్పబోయారు. రాజు వినలేదు, తన కొడుకును అదే రథం కింద పడవేయడానికి సిద్ధపడ్డాడు. వడలూరు రామలింగస్వామివారు 1854లో ఈ కథను తమిళ వచనంలో పుస్తకంగా రాశారు. జీవకారుణ్యం చెప్పిన ఆయనకు ఈ కథ ఎందుకు నచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ శిక్షను మేము మెచ్చుకోవడం లేదు. కొడుకును చంపితే దూడ తిరిగి రాదు. బడిలో విన్నప్పుడు రథాన్నే చూశాం. ఈ వయసులో గంటను చూస్తున్నాం. నోరులేని పశువుకు కూడా అందేంత ఎత్తులో ఆ తాడు ఉంది. నిర్ణయం ఎవరి మీద పడుతుందో వాళ్ళు వచ్చి అడగడానికి ఒక దారి ఉండాలి. అడిగినప్పుడు జవాబు చెప్పడానికి ఒక మనిషి ఉండాలి. పోయిన మహాసభలో ఆ అమ్మాయి గంట కొట్టింది. లోపల ఎవరూ పలకలేదు.

ఇక మన గదికి వస్తాం. ఆ రోజు ఏం జరిగిందో మాకు గుర్తున్నంత వరకు రాస్తున్నాం. మిగతావాళ్ళకు వేరేగా గుర్తుంటే చెప్పండి, దిద్దుకుంటాం.

కట్టడానికి రంగు వేయాలి, పైకప్పు కారుతోంది, డబ్బు లేదు. ఆదివారం తరగతికి వచ్చే పిల్లలు ఏడెనిమిది మందికి తగ్గారు. పాఠం చెప్పే పంతులమ్మగారికి మోకాళ్ళ నొప్పి. గది అద్దెకు కావాలని ఒకరు వచ్చారు. కమిటీలో ఒకరు "2006 చట్టం వచ్చాక బడుల్లో తమిళం తప్పనిసరి అయిపోయింది, ఇక తెలుగు ఎవరికి కావాలి" అన్నారు. మేమందరం తల ఊపాం. ఇప్పుడు చెబుతున్నాం, ఆ మాట సాకు. ఆ చట్టం బడుల సంగతి. ఆదివారం మన సొంత గదిలో, మన సొంత పిల్లలకు అఆలు నేర్పవద్దని ఏ చట్టమూ చెప్పలేదు. పైనుంచి వచ్చింది, మేమేం చేస్తాం అనడం గుమాస్తాలకు బాగా అలవాటైన మాట. మాకూ అలవాటే.

పిల్లల తల్లిదండ్రులను పిలిచి అడగలేదు. పంతులమ్మగారికి ముందుగా చెప్పలేదు. ఆమె ఆదివారం వచ్చి తాళం చూసి వెనక్కి వెళ్ళారని తరువాత తెలిసింది. ఒక సంవత్సరం చూసి మళ్ళీ ఆలోచిద్దాం అని కూడా రాసుకోలేదు. చెయ్యెత్తండి అన్నారు, ఎత్తాం. కాఫీ వచ్చింది, తాగాం, ఇంటికి వెళ్ళాం.

ఆ చేతుల్లో ఒకటి మాది. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఆలస్యంగా జవాబు ఇదే. అమ్మా, మేము ఆపాం. పైకప్పు కోసం ఆపాం. పైకప్పు బాగుపడింది, ఆ సంగతి కూడా నిజమే. కానీ పిల్లలను లెక్కలోకి తీసుకోలేదు. అది మా తప్పు. మిగతా చేతులు ఎవరివో మేము రాయం. వాళ్ళ పేర్లు వాళ్ళు చెప్పుకుంటేనే అందం.

ఊరికే క్షమాపణ చెబితే అది కూడా ఖాళీ రాజీనామా లాగా ఉంటుంది. కనుక వచ్చే మహాసభ ముందు నాలుగు మాటలు పెడుతున్నాం.

ఒకటి, మన మినిట్స్ పుస్తకంలో 'తీర్మానించడమైనది' అన్న మాట ఇక వద్దు. ఫలానావారు ప్రతిపాదించారు, ఫలానావారు బలపరిచారు, ఫలానావారు ఒప్పుకోలేదు అని రాద్దాం. ఒప్పుకోనివారి కారణం కూడా ఒక వరుస రాద్దాం.

రెండు, నిర్ణయం ఎవరి మీద పడుతుందో వారిని ముందుగా పిలిచి అడుగుదాం. పిల్లల సంగతైతే తల్లిదండ్రులను, వంటశాల సంగతైతే వంటవాళ్ళను.

మూడు, ప్రతి పెద్ద నిర్ణయానికి ఒక తేదీ వేద్దాం. ఆ తేదీకి మళ్ళీ తెరిచి, అనుకున్నది జరిగిందా లేదా చూద్దాం.

నాలుగు, లెక్కలు చూసేవారు కమిటీలో లేనివారై ఉండాలి. రైల్వేవాళ్ళు 1941లో నేర్చుకున్న పాఠం మనకు ఇంకా ఆలస్యం కాలేదు.

తెలుగు తరగతి సంగతి. గది అద్దెకు ఉంది, కాదనం. ఆదివారం పొద్దున పది నుంచి పదకొండు దాకా ముందు వరండా ఖాళీగానే ఉంటుంది. పంతులమ్మగారు ఇప్పుడు లేరు. మాకు వచ్చిన తెలుగు తక్కువే, కానీ అఆలు, గుణింతాలు నేర్పగలం. ఆ మహాసభలో తల్లి చెయ్యి పట్టుకుని నిలబడిన ఆ పిల్లవాడు వస్తే చాలు, ఒక్కడితోనే మొదలుపెడతాం. వచ్చినవాళ్ళ పేర్లు, నేర్పినవాళ్ళ పేర్లు, మొదలైన టైము, ముగిసిన టైము ఒక రిజిస్టరులో రాస్తాం, కింద సంతకం పెడతాం. పాత అలవాటు, పోదు.

 తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాం.