జిమ్నీకి పెద్ద టైర్లు: వేయించే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

మారుతి సుజుకి ఐదు తలుపుల జిమ్నీ 2023 జూన్‌లో మన మార్కెట్‌లోకి వచ్చింది. చిన్న బండే అయినా లారీలకు ఉండే రకం లాడర్ ఛాసిస్, ముందూ వెనకా గట్టి యాక్సిల్స్, లో-రేంజ్ గేర్‌తో ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నాయి. కొన్నవాళ్లలో చాలామంది ముందుగా మార్చాలనుకునేది టైర్లనే. గల్ఫ్‌లో ఇసుక తిన్నెలు ఎక్కే జిమ్నీల వీడియోలు చూసి 'మన బండికీ అలాంటివి వేయిద్దాం' అనుకునే కుర్రాళ్లూ ఉన్నారు. అయితే ఇదే బండిలో రేపు అమ్మీ, అబ్బా, పిల్లలు కూర్చుంటారు. కాబట్టి చూపుకు ఎలా ఉంటుందన్నది ఒక్కటే కాదు, బ్రేకు, స్టీరింగ్, బీమా సంగతి కూడా చూసుకోవాలి.

టైరు మీది అంకెల అర్థం

జిమ్నీకి కంపెనీ ఇచ్చే సైజు 195/80 ఆర్15. 195 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం. 15 అంటే రిమ్ వ్యాసం, అంగుళాల్లో. ఈ మూడు తెలిస్తే టైరు మొత్తం ఎత్తు లెక్క వేయవచ్చు.

- 195/80 ఆర్15: ఎత్తు 693 మి.మీ. (కంపెనీ సైజు)
- 215/75 ఆర్15: సుమారు 704 మి.మీ. ఒకటిన్నర శాతం ఎక్కువ.
- 235/75 ఆర్15: సుమారు 734 మి.మీ. దాదాపు 6 శాతం ఎక్కువ.

టైరు ఎత్తు ఎంత పెరిగితే బండి అందులో సగమే పైకి లేస్తుంది. అంటే 215 టైరుతో నేలకూ బండికీ మధ్య ఖాళీ 5 మి.మీ. పెరుగుతుంది, 235 టైరుతో 20 మి.మీ. పెరుగుతుంది. జిమ్నీకి కంపెనీ నుంచే 210 మి.మీ. ఖాళీ ఉంది.

235 వేస్తే ఏం జరుగుతుంది?

మీటరు తప్పుతుంది: మీటరులో 80 కనిపించినప్పుడు అసలు వేగం మునుపటి కంటే దాదాపు 5 కి.మీ. ఎక్కువ ఉంటుంది. ఓడోమీటర్ 1,000 కి.మీ. చూపితే బండి నిజంగా తిరిగింది సుమారు 1,058 కి.మీ. మైలేజీ లెక్క వేసేటప్పుడు దీన్ని కలుపుకోకపోతే ఉన్నదానికంటే ఎక్కువ పడిపోయినట్టు కనిపిస్తుంది.

లాగే శక్తి తగ్గుతుంది: జిమ్నీలో 1.5 లీటర్ పెట్రోల్ ఇంజిన్, టార్క్ 134 ఎన్ఎం. టైరు పెద్దదైతే గేర్లన్నీ కాస్త బరువెక్కినట్టే. నలుగురు కూర్చుని ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు తరచూ కింది గేరుకు రావాల్సి వస్తుంది.

బ్రేకు మీద భారం పడుతుంది: పెద్ద చక్రాన్ని ఆపడానికి బ్రేకు ఎక్కువ బలం పెట్టాలి. టైరు బరువు కూడా పెరుగుతుంది. దాంతో పెడల్ ఇంకాస్త గట్టిగా తొక్కాల్సి వస్తుంది, దిగుడు రోడ్లలో బ్రేకులు త్వరగా వేడెక్కుతాయి.

టైరు రాసుకుంటుంది: స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, గుంతలో సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు టైరు బంపర్ అంచుకో, లోపలి ఆర్మ్‌కో తగులుతుంది. దీన్ని తప్పించడానికి లిఫ్ట్ కిట్ వేస్తారు. లిఫ్ట్ చేస్తే బండి బరువు కేంద్రం పైకి పోతుంది, ముందు యాక్సిల్ కోణాలు మారతాయి. వాటిని సరిచేయకుండా వదిలేస్తే హైవే మీద స్టీరింగ్ నిలకడగా ఉండదు, ఒక్కోసారి గట్టిగా వణుకుతుంది.

రిమ్ చాలదు: కంపెనీ రిమ్ వెడల్పు 5.5 అంగుళాలు. 215/75 టైరు దానికి సరిపోతుంది. 235/75కు కనీసం 6 అంగుళాల రిమ్ కావాలి. అంటే టైర్లతో పాటు వీల్స్ ఖర్చు కూడా పడుతుంది.

స్టెప్నీ మరిచిపోవద్దు

నాలుగు మార్చి ఐదోది పాతదే ఉంచితే పొదుపు అనిపిస్తుంది. కానీ జిమ్నీలో ముందు, వెనక యాక్సిల్స్‌ను కలిపే సెంటర్ డిఫరెన్షియల్ లేదు. సైజు తేడా ఉన్న టైరు పెట్టి గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేస్తే గేర్‌బాక్స్, యాక్సిల్ మీద ఒత్తిడి పడుతుంది. మార్చితే ఐదూ ఒకే సైజు ఉండాలి. పైగా స్టెప్నీ వెనక తలుపుకు వేలాడుతుంది కాబట్టి బరువు పెరిగితే కీళ్ల మీదే భారం.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీ వివరాలకూ పొంతన లేకుండా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఒక తీర్పులో ఇదే స్పష్టం చేసింది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

దీనికంటే పెద్ద దెబ్బ బీమా దగ్గర తగలవచ్చు. ప్రమాదం తర్వాత సర్వేయర్ వచ్చి చెప్పని మార్పులు చూస్తే క్లెయిమ్‌కు కొర్రీ పడుతుంది. టైరు సైజు మార్చాలనుకుంటే ముందుగా బీమా కంపెనీకి రాసి, జవాబు కూడా రాతలోనే తీసుకోవాలి. సస్పెన్షన్, స్టీరింగ్ భాగాలకు వారంటీ వర్తిస్తుందా అన్నది సర్వీస్ సెంటర్‌లో అడగాలి.

సైజు కంటే ముందు రకం, గాలి

మట్టి దారుల్లో పట్టు ఎక్కువగా టైరు రకం వల్లే వస్తుంది. హైవే టైరు నున్నటి రోడ్డుకు, మడ్ టైరు బురదకు. మడ్ టైరు తారు రోడ్డు మీద మోత పెడుతుంది, తడి రోడ్డు మీద అంత బాగా ఆగదు. వారమంతా ఊళ్లో, సెలవు రోజు వికారాబాద్ అనంతగిరి వైపు తిరిగే కుటుంబానికి మధ్యస్థమైన ఆల్-టెరైన్ టైరు నప్పుతుంది. అది కంపెనీ సైజులోనే తీసుకుంటే పైన చెప్పిన సైజు చిక్కులు ఉండవు.

ఇసుకలో చిక్కుకున్న బండిని తరచూ బయటపడేసేది గాలి తగ్గించడమే. 15-18 పీఎస్ఐకి దించితే టైరు నేల మీద ఎక్కువ పరుచుకుంటుంది. ఆ గాలితో వేగంగా పోకూడదు, ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పకూడదు. రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవాలి. చిన్న కంప్రెసర్ బండిలో ఉంటే మంచిది.

షాపులో చూసుకోవాల్సినవి

- ఐఎస్ఐ గుర్తు ఉందా?
- లోడ్ ఇండెక్స్ 96 లేదా అంతకంటే ఎక్కువ ఉందా? 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోయగలదు.
- తయారీ తేదీ: పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు. 2324 అంటే 2024లో 23వ వారం.
- బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేశారా?
- స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఎక్కడైనా రాసుకుంటోందా చూశారా?

కొత్త టైర్లు వేయించాక మొదటి కొన్ని రోజులు బ్రేకు దూరం ఎంత మారిందో ఖాళీ రోడ్డు మీద చూసుకుని, ఆ తర్వాతే ఇంటిల్లిపాదితో ప్రయాణం పెట్టుకోవడం మేలు.